ఊ కొట్టేవారెవరు?

తెలుగు ఇళ్లలో రాత్రి భోజనాలైన తరువాత అమ్మమ్మ కథ చెప్పడానికి కూర్చుంటే, కథకంటె ముందు ఒక షరతు వచ్చేది: “ఊ కొట్టాలి సుమా!” అని. పిల్లలు ఊ కొట్టినంత సేపే కథ సాగేది. ఊ ఆగిందంటే వినేవారికి నిద్ర పట్టిందని గ్రహించి, ఆమె రాజకుమారుణ్ణి అడవి నడుమనే నిలిపి, దీపం తగ్గించి పడుకొనేది. ఊ అనేది చిన్న ధ్వని. అయినా చెప్పేవారికీ వినేవారికీ మధ్య కట్టిన దారం అదే. బుర్రకథలో కథకునికి ఇరుపక్కలా వంతలు నిలిచి పలకడం, బడిలో అయ్యవారు చెప్పినదానిని పిల్లలు తిరిగి వల్లించడం—ఇవన్నీ ఆ దారంలోని పోగులే. నోటినుండి వెలువడినంత మాత్రాన మాట పూర్తి కాదనీ, అవతలి చెవికి చేరిందని తెలిసినప్పుడే పూర్తి అవుతుందనీ మన పెద్దలు ఏ శాస్త్రమూ చదవకుండానే గ్రహించారు.

ఈనాడు మాటలు ఇంటి వసారాలోనే ఆగడం లేదు. గుంటూరులోని తల్లి డల్లాసులోని కొడుకుతో మాట్లాడుతున్నది. మాస్టారు తమ ఇంట్లో కూర్చుని నలభై ఇళ్లలోని పిల్లలకు సంధులు చెబుతున్నారు. వైద్యుడు తెరమీదనే రోగిని పలకరిస్తున్నాడు. ఇంత దూరం మాటను మోసుకొనిపోయే యంత్రమే, ఒక్క మీట తగిలితే చాలు, ఆ మాటను గుమ్మం దాటనివ్వదు. ఆ మీట పేరు మ్యూట్. తెలిసి నొక్కితే అది మర్యాద. తెలియక తగిలితే అనర్థం. చెవిటివాని ముందు శంఖం ఊదినట్లని సామెత. ఇక్కడ వినేవారికి చెవుడు లేదు. ఊదేవారికి ఊపిరి తక్కువ కాలేదు. శంఖానికే బిరడా పడింది. ఆ సంగతి ఊదేవారికి మాత్రం తెలియదు.

పోయిన మాట విలువ

ఇది నవ్వి వదిలివేయదగిన చిన్న పొరపాటు గదా అని కొందరు అనుకోవచ్చు. చాలాసార్లు అది నిజమే. కాని అన్నిసార్లూ కాదు.

2020 మార్చిలో పాఠశాలలు మూతపడి, పాఠాలు తెరలమీదికి ఎక్కిన రోజులను ఉపాధ్యాయులు ఇంకా మరచి ఉండరు. ఆనాటి దృశ్యం ఒకటి ఊహించుకోవచ్చు. ఏడవ తరగతి బాలిక ఒకతె తండ్రి ఫోను పట్టుకొని, సిగ్నల్ అందే వేపచెట్టు కిందికి వచ్చి కూర్చున్నది. మాస్టారు పేరు పిలిచి పద్యం చెప్పమన్నారు. ఆ పిల్ల బడిలోవలెనే లేచి నిలబడి, చేతులు కట్టుకొని, పద్యం తప్పు లేకుండా చదివి, తాత్పర్యం కూడా చెప్పింది. చెప్పి తెరవైపు చూసింది. “అమ్మా, ఉన్నావా? రాదా? సరే, తరువాతి వారు చెప్పండి” అన్నారు మాస్టారు. మైకు బొమ్మమీద అడ్డంగా పడిన ఎర్రగీతను ఇద్దరిలో ఎవరూ గమనించలేదు. మరునాడు మళ్లీ పిలిచినప్పుడు ఆ పిల్ల నిజంగానే పలకలేదు. పద్యం రాక కాదు.

ఇంకొక దృశ్యం. తల్లికి నాలుగు రోజులుగా గుండెలో మంట. దూరాన ఉన్న కొడుకుకు చెప్పాలా వద్దా అని మథనపడి, చివరకు ఒక సాయంకాలం ఫోనులో చెప్పనే చెప్పింది. ఆమె చెంప తెరకు తగిలి మ్యూట్ పడింది. “అమ్మా, వినపడడం లేదు. సిగ్నల్ లేనట్లున్నది” అన్నాడు కొడుకు. ఆమె ఇంకా గట్టిగా చెప్పింది. అతడు ఫోను పెట్టివేసి, మళ్లీ చేసి, “ఏమంటున్నావమ్మా?” అని అడిగాడు. “ఏమీ లేదు నాయనా, బాగానే ఉన్నాను” అన్నది. కూడగట్టుకొన్న ధైర్యం ఒక్కసారికే సరిపోయింది.

మౌనం అర్ధాంగీకారమంటారు. వీడియో సమావేశాలలో ఈ సూక్తి ఎంత ప్రమాదకరమో చెప్పనక్కరలేదు. పరీక్షల తేదీలు ముందుకు జరపాలని తీర్మానం వస్తుంది. ఒక ఉపాధ్యాయిని, సిలబసు పూర్తి కాలేదని, తన పిల్లలు నష్టపోతారని రెండు నిమిషాలపాటు కారణాలతో చెబుతుంది. ఆమె మైకు మూసి ఉన్నది. “ఎవరికీ అభ్యంతరం లేదు గదా!” అంటారు అధ్యక్షులు. తీర్మానం ఏకగ్రీవమని కాగితం మీద చేరుతుంది.

ఈ పొరపాటు సామాన్యులకే పరిమితం కాదు. అమెరికా సుప్రీంకోర్టు తన చరిత్రలో మొదటిసారిగా 2020 మే 4న టెలిఫోను ద్వారా వాదనలు వినడం ప్రారంభించింది. ఆ తొలి దినాలలో జస్టిస్ సోనియా సోటోమేయర్ వంతు వచ్చి ప్రధాన న్యాయమూర్తి పిలువగా, కొద్ది క్షణాలు నిశ్శబ్దమే సమాధానమైంది. మైకు మూసి ఉండడమే కారణం కాబోలు. ఆమె క్షమాపణ చెప్పి ప్రశ్నకు దిగారు. అక్కడ ఏ నష్టమూ జరగలేదు. ఎందుకంటే ఒక్కొక్క న్యాయమూర్తిని పేరుపెట్టి పిలిచి, వారు పలికే వరకు ఆగడం ఆ కోర్టు ఏర్పరచుకొన్న పద్ధతి. వేపచెట్టు కింది బాలికకు దొరకనిది ఆ కొద్ది క్షణాల నిరీక్షణే.

యంత్రం దాచిన నిశ్శబ్దం

ఎదురుగా మాట్లాడేటప్పుడు కలగని ఈ చిక్కు ఫోనులో ఎందుకు కలుగుతున్నదో తెలియాలంటే టెలిఫోను పుట్టిన దినానికి పోవాలి. 1876 మార్చి 10న బోస్టన్ నగరంలో అలెగ్జాండర్ గ్రాహంబెల్ తన యంత్రంలో మాట్లాడి, వేరే గదిలో ఉన్న సహాయకుడు వాట్సన్‌ను తన దగ్గరకు రమ్మని పిలిచాడు. వాట్సన్ వచ్చాడు. బెల్ అంతటితో ఊరుకోలేదు. “నేను చెప్పిన మాటలేమిటో మళ్లీ చెప్పు” అని అడిగాడు. వాట్సన్ ఆ మాటలను తిరిగి చెప్పాడు. టెలిఫోనులో నడిచిన మొట్టమొదటి సంభాషణకు కూడా ఊ కొట్టించుకోవలసి వచ్చిందన్న మాట.

ఫోను తీయగానే ఏమని పలకాలన్న చర్చ తరువాత వచ్చింది. బెల్‌కు ఓడవారు కేకవేసుకొనే “అహోయ్” అనే మాట నచ్చింది. ఎడిసన్ 1877లో “హలో”ను సూచించాడు. ఎడిసన్ మాటే నిలిచింది. ఇప్పుడు పలకరింపుగా వాడుతున్న హలో నిజానికి “వినిపిస్తోందా?” అనే ప్రశ్నే. మాట మధ్యలో తెగినప్పుడు “హలో, హలో” అని రెట్టించడంలో ఆ పాత అర్థం ఇప్పటికీ బతికి ఉన్నది.

తీగల టెలిఫోనులో మాట్లాడేవారికి మరొక ఆసరా ఉండేది. చెవి దగ్గర పెట్టుకొన్న గొట్టంలో ఎవరి గొంతు వారికే సన్నగా వినిపించేది. దీనిని ఇంజనీర్లు సైడ్‌టోన్ అంటారు. అది ఎక్కువైతే మనిషి గొంతు తగ్గించి గొణుగుతాడు. బొత్తిగా లేకపోతే అరుస్తాడు. అందుచేత దానిని తగ్గించారే గాని పూర్తిగా తీసివేయలేదు. లైను చచ్చిపోతే ఆ సన్నని గొంతు కూడా ఆగిపోయేది. ఏదో లోపం వచ్చిందని చెవికే తెలిసిపోయేది. నేటి వీడియో సంభాషణలలో సాధారణంగా ఈ ఆసరా లేదు. మైకు తెరచి ఉన్నా, మూసి ఉన్నా, మాట్లాడేవారి చెవికి ఒక్కటే అనుభవం.

ఇంకొక విశేషం కూడా ఉన్నది. సెల్‌ఫోనులో ఒకరు మాట ఆపినప్పుడు, బ్యాటరీ ఆదా కోసం, తరంగాల పొదుపు కోసం ఆ ఫోను ధ్వనిని పంపడం చాలావరకు మానుతుంది. అప్పుడు అవతల పూర్తి నిశ్శబ్దం ఆవరించాలి. కాని పూర్తి నిశ్శబ్దం వింటే మనిషి లైను తెగిపోయిందనుకొంటాడు. అందువల్ల వినేవారి ఫోను తనంతట తానే ఒక మెల్లని హోరును సృష్టించి వినిపిస్తుంది. ఇంగ్లీషులో దానికి పెట్టిన పేరు ఊరటనిచ్చే ధ్వని అనే అర్థం ఇస్తుంది. యంత్రాన్ని నిర్మించినవారికి కూడా మనిషి నిశ్శబ్దాన్ని భరించలేడని తెలుసు. ఊరట కల్పించారు గాని, ఆ నిశ్శబ్దానికి కారణమేమిటో చెవికి తెలిపే ఉపాయం కల్పించలేదు.

గొంతుకు ఎన్ని తలుపులు?

మాట మూగపోవడానికి తెరమీద కనిపించే ఒక్క మీటే కారణమని చాలామంది నమ్మకం. నిజానికి గొంతు దాటవలసిన తలుపులు అనేకం. ఒకటి తెరచినా మరొకటి మూసి ఉండవచ్చు.

మొదటిది చెంప. ఫోను చెవికి ఆనించగానే తెర నల్లబడాలి. ఇందుకోసం చాలా ఫోన్లలో పైభాగాన ఒక చిన్న పరికరం కంటికి కనపడని పరారుణ కాంతిని వెదజల్లి, అది చెంపకు తగిలి తిరిగి వచ్చినదీ లేనిదీ చూస్తుంది. ఆ చోట చెమట, నూనె, మసి పేరుకొన్నా, సరిగా అమరని గాజుపలక అంటించినా అది పొరబడుతుంది. తెర వెలుగుతూనే ఉంటుంది. చెంపే వేలివలె మీటలు నొక్కుతుంది. ఇక స్పీకరు పెట్టి మాట్లాడేటప్పుడు చాలా ఫోన్లలో ఈ పరికరం తెరను ఆర్పదు. స్పీకరు పెట్టిన ఫోనునే అలవాటుచొప్పున చెవి దగ్గరకు తీసుకొనే పెద్దలకు తరచు మ్యూట్ పడడంలో ఆశ్చర్యం లేదు.

రెండవది చెవికి తగిలించుకొనే సాధనం. ఇయర్‌ఫోను తీగమీద చిన్న బొత్తాము ఉంటుంది; చొక్కా గుండీకో, మెడలోని గొలుసుకో ఒత్తుకొని అది నొక్కుకుపోతుంది. కొన్ని హెడ్‌సెట్లలో నోటి ముందుండే మైకు కాడను పైకెత్తితే చాలు, మైకు మూసుకొంటుంది. తీగలేని బ్లూటూత్ సాధనాలు కొన్ని వేలు తగిలితేనే స్పందిస్తాయి. అసలు ఆ సాధనం పక్కగదిలో బల్లమీద ఉండి, ఫోను మాత్రం దానితోనే ముడిపడి ఉండడం కూడా కద్దు. అప్పుడు మనిషి ఇక్కడ మాట్లాడుతుంటే, వినే మైకు అక్కడ ఖాళీ గదిని వింటూ ఉంటుంది.

మూడవది కంప్యూటరు. కొన్ని ల్యాప్‌టాప్‌ల మీటల వరుసలోనే మైకును మూసే మీట వేరే ఉన్నది. బ్రౌజరుకు మైకు వాడుకొనే అనుమతి ఇవ్వకపోతే అదొక అడ్డు. హెడ్‌సెట్‌లోని మ్యూట్ వేరు, సమావేశపు తెరలోని మ్యూట్ వేరు. ఒకే ఇంటికి రెండు తాళాలు వేసి, ఒక్కటి తీసి, తలుపు రాలేదని తోసినట్లు ఉంటుంది ఈ వ్యవహారం.

నాలుగవది సమావేశ నిర్వాహకులు. వారు అందరి మైకులూ ఒక్కసారిగా మూయగలరు. తెరుచుకొనే హక్కును కూడా ఆపి ఉంచగలరు. పిల్లవాడు ఎన్నిసార్లు మీట నొక్కినా ఫలితం ఉండదు. “మైకు తెరవవయ్యా” అని గద్దించే ఉపాధ్యాయుడే ఆ తలుపుకు బయటినుండి గడియ పెట్టి ఉండవచ్చు.

ఐదవది చిత్రమైనది. ఇందులో ఏ మీటా నొక్కుకోదు. పంకా చప్పుడు, వీధి రొద వినపడకుండా వడగట్టే ఏర్పాటు చాలా వేదికలలో ఉన్నది. ఎడతెగక ఒకే తీరుగా వినిపించే ధ్వనిని అది రొదగా భావిస్తుంది. విదేశాలలోని పిల్లలకు కర్ణాటక సంగీతం నేర్పే గురువులకు దీనితో పెద్ద ఇబ్బంది. తంబుర శ్రుతిని ఆ యంత్రం రొద అనుకొని అణచివేస్తుంది. గురువుకు శ్రుతి మోగుతూనే ఉంటుంది. శిష్యురాలికి ఆధారం ఉండదు. జూమ్‌లో సంగీతకారుల కోసం అసలు ధ్వనిని ఉన్నదున్నట్లు పంపే ఏర్పాటు వేరే ఉన్నది. దానిని ఎంచుకొంటే తంబుర తిరిగి పలుకుతుంది.

తలుపు తెరచి ఉన్నదా?

రోగం తెలిసిన తరువాత మందు కష్టం కాదు. ఫోను పైభాగాన్ని మెత్తని పొడిగుడ్డతో తుడవడం మొదటి పని. సంభాషణ నడుస్తుండగా పైన చెవి గొట్టం దగ్గర వేలు అడ్డం పెట్టి చూడవచ్చు. తెర నల్లబడితే పరికరం పనిచేస్తున్నట్లు. నల్లబడకపోతే గాజుపలకనో, తొడుగునో తీసి మళ్లీ చూడాలి. స్పీకరు పెట్టినప్పుడు ఫోనును బల్లమీదనో, అరచేతిలోనో ఉంచి అంచులను మాత్రమే పట్టుకోవడం మంచిది. ఊరిలోని పెద్దలకు ఈ రెండు సంగతులు నేర్పితే సగం కష్టం తీరుతుంది. సెలవులకు వెళ్లిన విద్యార్థి తాతగారి ఫోనుకు చేయగలిగిన సేవ ఇది.

సమావేశానికి ముందు పరీక్షించుకోవడం రెండవ పని. జూమ్‌లోను, టీమ్స్‌లోను ఎవరినీ పిలువకుండానే తన గొంతును తాను తిరిగి విని చూసుకొనే పరీక్షా సదుపాయం ఉన్నది. తీగలేని సాధనం వాడేవారు ఇప్పుడు ఏ మైకు పనిచేస్తున్నదో అమరికలలో ఒకసారి చూసుకోవాలి. హెడ్‌సెట్ బొత్తామును తెరచి ఉంచి, మూయడం తెరవడం తెరమీది మీటతోనే చేసుకొంటే రెండు తాళాల చిక్కు రాదు.

మూడవది వేలికి అలవాటు చేయడం. కంప్యూటరు ముందు మీటల పలకతోనే మైకును మూసి తెరవవచ్చు. విండోస్ కంప్యూటరులో జూమ్‌కు ఆల్ట్, ఏ మీటలు. గూగుల్ మీట్‌కు కంట్రోల్, డి. టీమ్స్‌కు కంట్రోల్, షిఫ్ట్, ఎమ్. జూమ్‌లో మైకు మూసి ఉన్నప్పుడు స్పేస్ బార్‌ను నొక్కిపట్టినంత సేపు మాట వినిపిస్తుంది, వదలగానే మూసుకొంటుంది. తరగతిలో ఒక్కమాట జవాబు చెప్పి ఊరుకోవలసిన విద్యార్థికి ఇది ఎంతో అనువైన పద్ధతి. మైకు మూసి మాట్లాడుతున్నారని తెరమీద హెచ్చరించే ఏర్పాటు కూడా చాలా వేదికలలో ఉన్నది. కాని పుస్తకంలోని పద్యంమీద చూపు ఉన్నవారికి తెరమీది హెచ్చరిక కనపడదు గదా!

మ్యూట్‌ను బొత్తిగా మానివేయడం దీనికి పరిష్కారం కాదు. నలభై ఇళ్ల చప్పుళ్లు ఒక్కచోట కలిస్తే పాఠం సాగదు. తెరచి ఉన్నదని తెలియక పలికిన మాట, మూసి ఉన్నదని తెలియక పలికిన మాటకంటె ఎక్కువ హాని చేయగలదు. మాట్లాడనప్పుడు మూయడం, మాట్లాడేటప్పుడు తెరవడం, రెండింటినీ తెలిసి చేయడం—కావలసినది ఇంతే.

వినేవారి ధర్మం

ఇన్ని జాగ్రత్తలు చెప్పిన తరువాత కూడా ఒక సంగతి మిగిలి ఉన్నది. ఎంత నేర్పరి అయినా తన మాట అవతల వినిపిస్తున్నదో లేదో తనంతట తాను పూర్తిగా తెలుసుకోలేడు. ఆ సంగతి తెలిసేది వినేవారికి మాత్రమే. కనుక పొరపాటు జరిగేది చెప్పేవారి చేతిలో అయినా, దిద్దే శక్తి ఉన్నది వినేవారి చేతిలో.

కాని వారు వెనుకటివలె నోటితో ఊ కొట్టడానికి వీలులేదు. స్పీకరు ఫోన్లలో ఇద్దరి ధ్వనులు ఒకేసారి వస్తే యంత్రం ఒక్కొక్కప్పుడు ఒకదానిని అణచివేస్తుంది. ప్రోత్సహించడానికి కొట్టిన ఊ చెప్పేవారి మాటనే మింగవచ్చు. అందువల్ల వీడియోలో ఊ కొట్టవలసినది తలతో, చేతితో. ముఖం కనిపించేటట్లు కూర్చుని అప్పుడప్పుడు తల పంకించే ఒక్క విద్యార్థి, ఉపాధ్యాయునికి పెద్ద అండ. ఫోనులో అయితే మాట విరిగిన చోట ఒక ఊ చాలు. 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు ప్రసారం కావడం మొదలైనప్పుడు, చెప్పే ఉపాధ్యాయునికి ఎదుట ఒక్క ముఖమైనా లేదు. ఆ లోటు తెలిసినవారికి, తల పంకించే పిల్లవాని విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

పెదవులు కదులుతున్నా మాట వినిపించనప్పుడు వెంటనే చెప్పడం వినేవారి మొదటి ధర్మం. మరొకరు చెబుతారులే అని నలభైమందీ ఊరుకొంటే చెప్పేవారు అంతసేపూ గాలిలో ముగ్గులు పెట్టినట్లే. చేయి ఎత్తి చెవిని చూపినా చాలు. ముఖం కనిపించనప్పుడు, పేరు పిలిచి కొంచెం ఆగడం రెండవ ధర్మం. పలకలేదంటే రాదనీ, లేరనీ, ఒప్పుకొన్నారనీ నిర్ణయించకుండా ముందు మైకు బొమ్మవైపు చూడాలి. సభలో తీర్మానం చేసేటప్పుడు అభ్యంతరం లేదు గదా అని అందరినీ కలిపి అడగడంకంటె, ఒక్కొక్కరినీ పేరున అడగడం న్యాయం. ఇక మూడవ ధర్మం అన్నిటికంటె ముఖ్యమైనది. పోయిన మాటను తిరిగి అడగాలి. అదీ తొందరపెట్టకుండా అడగాలి. రెండవసారి చెప్పేటప్పుడు మాటలోని తడి సగం ఆరిపోతుంది. ఆ తడిని నిలపగలిగేది అడిగేవారి గొంతు ఒక్కటే. డల్లాసు కొడుకు “ఏమంటున్నావమ్మా?” అని ఊరుకోక, “ఇందాక ఏదో గట్టిగా చెబుతున్నావు, నాకు అందలేదు. మొదటినుండి చెప్పు, వింటున్నాను” అని ఉంటే తల్లి బహుశా చెప్పి ఉండేది.

మీటలు మారుతూనే ఉంటాయి. ఈనాటి మ్యూట్ గుర్తు రేపు ఏ రూపం ధరిస్తుందో ఎవరు చెప్పగలరు? వాట్సన్‌ను మాటలు తిరిగి చెప్పమన్న బెల్‌కూ, ఊ కొట్టమన్న అమ్మమ్మకూ తెలిసిన సత్యం మాత్రం మారదు. తరగతి ముగించేముందు ఉపాధ్యాయుడు ఒక్కసారి తెరను కలయజూచి, ఎర్రగీత కింద పెదవులు కదిపిన పిల్ల ఎవరో గుర్తించి, “నీ మైకు మూసి ఉన్నదమ్మా, తప్పు నీది కాదు. పద్యం మొదటినుండి చెప్పు” అంటే చాలు. వేపచెట్టు కింద ఆ పిల్ల మళ్లీ లేచి నిలబడుతుంది.